దస్తగిరి మామ షట్టరు మీద మూడు దెబ్బలు

మా చిన్నప్పుడు సౌదీలో, యాన్బు రేవు పట్నంలో గురువారం సాయంత్రమైతే చాలు... నాయన అత్తరు పూసుకునేవాడు, అమ్మ బుర్ఖా వెతుక్కునేది, నేను చెప్పులు మరిచిపోయి కారులో కూర్చునేవాణ్ణి. చేప తినడానికి రేవు వీధికి పోవాలి కదా మరి.

నాయన రేవులో క్రేను నడిపేవాడు. కంపెనీ క్వార్టరు ఇచ్చింది కాబట్టి మేమూ అక్కడే పెరిగాం.

ఆ వీధిలో తినడానికి చోట్లకేం కొదవ... నిలువెత్తు తమీజ్ రొట్టెలు కాల్చే ఆఫ్ఘనీ ఉన్నాడు, కోడి వేయించే మిస్రీ... అదే, ఈజిప్టువాడు ఉన్నాడు. మాకు మాత్రం తిండంటే దస్తగిరి మామ కొట్టే. మంచు మీద పరిచిన చేపల్లో మనం దేన్ని చూపిస్తే దాన్నే గాట్లు పెట్టి వేయించి ఇచ్చేవాడు. మామది జమ్మలమడుగు వైపు. మాకు చుట్టమేం కాదు... పరాయి దేశంలో మన యాస వినపడితే మామ కావడానికి అంతకన్నా ఏం కావాలి?

అరబ్బులకు ఉప్పు, నిమ్మకాయ. మాకు గల్లా కింద పాలపొడి డబ్బాలో దాచిన కడప కారం.

"కారం లేకుండా చేప తినేవాడు బతికుండీ ఏం లాభం అల్లుడా?" అని నా ముక్క మీద ఇంకాస్త చల్లేవాడు. నోరు మండితే ఎదురుగా యెమనీ తాత జ్యూసు కొట్టు. మామిడి రసం... గ్లాసు పట్టడానికి నాకు రెండు చేతులూ కావాల్సి వచ్చేది.

అప్పట్లో నమాజు వేళకు ప్రతి కొట్టూ షట్టరు దించాల్సిందే. లోపల తింటున్నవాళ్లు దీపాలార్పిన చీకట్లో కిక్కురుమనకుండా కూర్చునేవాళ్లు. బయట ముత్తవాలు... అంటే నమాజు వేళ కొట్లు మూయించే పెద్దమనుషులు... తిరుగుతుండేవాళ్లు.

ఓ గురువారం పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ నాకు బుద్ధి పుట్టింది. వెనక తలుపులోంచి జారుకుని, ముందుకొచ్చి, షట్టరు మీద అరచేత్తో మూడు దెబ్బలు వేశాను. దభ్... దభ్... దభ్.

లోపల పళ్లేలు కింద పడ్డ శబ్దం. మామ షట్టరు జానెడు ఎత్తి చూస్తే చెప్పుల్లేని నా కాళ్లు.

"దున్నపోతు నా కొడకా... నా గుండె ఆగిపోయింటే మీ నాయన తెచ్చిస్తాడా ఇంకోటి?" అంటూనే నవ్వాడు. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. ఇక ప్రతి వారం అదే ఆట.

చదువు ఎనిమిదితో నాకు దండం పెట్టింది. మేము ఊరికి తిరిగొచ్చేశాం. పెద్దయ్యాక వీసా మీద మళ్లీ యాన్బుకే వచ్చి పైపుల పనిలో చేరాను. మామ అక్కడే ఉన్నాడు, గడ్డం మాత్రం తెల్లబడింది. మీసాలొచ్చిన నేను, చేతిలో బలమొచ్చిన నేను... మళ్లీ అవే మూడు దెబ్బలు.

తర్వాత నితాఖాత్ అని కొత్త చట్టం వచ్చింది. సౌదీవాళ్లను పనిలో పెట్టుకోని కొట్లన్నీ ఎర్ర రంగు జాబితాలో పడ్డాయి, అందులో పనిచేసేవాళ్ల అకామాలు, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డులు, రెన్యూవల్ కాలేదు. మామది కూడా. ఇచ్చిన గడువు అయిపోయింది, పట్టుకోవడం మొదలైంది. మామ పగలంతా షట్టరు దించుకుని, తెలిసినవాళ్లకు మాత్రం వండేవాడు.

"ఈ రోజుల్లోనన్నా కొట్టొద్దురా పీరూ. ఎవురో ఏమోనని పొయ్యి ఆర్పేస్తాండా" అన్నాడు ఒకరోజు.

నాకు తెలివి ఎక్కువ కదా. "మూడు దెబ్బలు పడితే నేనే అనుకో మామా. ధైర్యంగా తీయ్" అన్నాను.

ఆ మాట అన్న వారానికి... మధ్యాహ్నం అన్నానికి పోతూ కారు ఆపి జ్యూసు కొట్టులోకి దూరాను. ఎదురుగా మామ కొట్టు ముందు తనిఖీ బండి ఆగింది. దిగిన మనిషి షట్టరు మీద అరచేత్తో కొట్టాడు. మూడు.

షట్టరు పైకి లేచింది. మామ చేతిలో జల్లిగరిటె, ముఖం నిండా నవ్వు. "రా రా, దున్నపోతా..."

ఎదుట ఉన్నది ఎవరో చూశాక కూడా ఆ నవ్వు వెంటనే పోలేదు. అదే నాకు ఇప్పటికీ కళ్లలో గుచ్చుకుంటుంది.

నా అకామా సరిగ్గానే ఉంది. రోడ్డు దాటి ఒక్క మాట మాట్లాడినా నన్నెవరూ ఏమీ చేసేవాళ్లు కాదు. పొయ్యి ఆర్పి, చొక్కా తెచ్చి ఇవ్వొచ్చు కదా. మామను నూనె మరకల బనియన్ మీదనే బండెక్కించారు. నేను స్ట్రా నోట్లో పెట్టుకుని గోడవైపు తిరిగాను.

తర్హీల్‌లో, ఊళ్లకు తిప్పి పంపేవాళ్లను ఉంచే ఆ జైల్లో, కొన్నాళ్లు పెట్టి పంపేశారు. వేలిముద్రలు తీసుకున్నారు కాబట్టి మళ్లీ రావడానికి లేదు.

రెండేళ్లకు సెలవులో వాళ్ల ఊరికి పోయాను. తలుపు వేసి ఉంది. అలవాటుగా చెయ్యి లేచింది... దించుకున్నాను. బుద్ధిమంతుడిలా "మామా" అని పిలిచాను.

"ఎవురూ?" అన్నాడు లోపల్నుంచి.

జీవితంలో మొదటిసారి మామ నన్ను గుర్తుపట్టలేదు.

టీ ఇచ్చాడు. "ఆ పొద్దు నువ్వే అనుకుని తీసినా అల్లుడా. పోనీలే... నువ్వు ఆ చుట్టుపక్కల లేవు, అంతే చాలు. ఉండుంటే నిన్నూ పట్టుకపోయిందురు" అన్నాడు. నేను టీ తాగేసి, బస్సుకు టైమైందని లేచాను.

తర్వాత ఇంట్లోవాళ్ల మీద తలకింతని నెలనెలా లెవీలు వచ్చి నా పెళ్లాం బిడ్డలూ ఊరికి పోయారు. ఇప్పుడు నమాజు వేళ షట్టర్లు దించక్కర్లేదు. రేవు వీధిలో అద్దాల తలుపులు, వాటంతటవే తెరుచుకుంటాయి. ఏ పిల్లోడూ కొట్టనక్కర్లేదు...

మీ చెయ్యి చప్పుడు గుర్తుపట్టి నవ్వుతూ తలుపు తీసిన మనిషి మీకూ ఉంటే, ఎవరో కింద రాయండి.

జమ్మలమడుగు వైపు వాళ్లెవరైనా ఇది చూస్తే ఒక సాయం చేయండి. దస్తగిరి మామకు ఫోన్లో చదవడం రాదు. చదివి వినిపించండి... ఆ పొద్దు పీరూ ఎదురుగానే ఉన్నాడని.