టైర్లు చూపించబోతే చెప్పులు విప్పమన్నాడు

పోయిన ఏడాది తొలి వాన రోజున కాట్పాడి రైలు వంతెన దిగుతుండగా మా స్కూటరు జారింది. నడిపింది నేను, వెనక కూర్చున్నది మా ఆయన. నాకు గీత కూడా పడలేదు, ఆయన కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, ఎడమ చేత్తో చెంచా. ఆ ఆరు వారాల్లో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కట్టు విప్పాక కూడా ఏమీ అనలేదు. కానీ మళ్లీ నా బండి ఎక్కలేదు. ఆఫీసుకు టౌన్ బస్సు, మార్కెట్టుకు షేర్ ఆటో. "నువ్వు పో, నేనొస్తా" అంటారు, అంతే. తిట్టే మొగుడితో వేగవచ్చు గానీ, తిట్టని మొగుడితో వేగడం చాలా కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

ఈ బ్లాగు పాత పాఠకులకు మా సంగతి తెలుసు. ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు. పద్దెనిమిదేళ్లుగా నేను నడపడం, ఆయన వెనక కూర్చుని దారి చెప్పడం, తప్పు దారి చెప్పి తనే నవ్వడం. తిరువలం గుడి నుంచి ఏలగిరి కొండ దాకా మేం చూసినవన్నీ అలా చూసినవే. ఏడాదిగా ఇక్కడ కొత్త రాతలు లేకపోవడానికి కారణం ఇదీ. ఈ ఏడాదిలో నేను చేసిన ప్రాయశ్చిత్తమల్లా టైర్లు మార్చడం. మూడువేల ఎనిమిది వందలు పోసి, రాళ్లదారుల బొమ్మ వేసి అమ్మే టైర్లు కొన్నాను. గడ్డలు గడ్డలుగా, చూస్తేనే ధైర్యం వచ్చేట్టు ఉంటాయి. దానికి తోడు వారం వారం గాలి కాస్త ఎక్కువే కొట్టించాను, చక్రం గట్టిగా ఉంటే భద్రమని. అయినా చినుకు పడితే బండి ఇంట్లోనే వదిలేసేదాన్ని.

నవంబరులో మోర్దానా డ్యామ్ నిండి పొర్లుతోందని విన్నాం. చూడాలని ఇద్దరికీ ఉంది. వేలూరు నుంచి గుడియాత్తం ముప్ఫై ఐదు కిలోమీటర్లకు అటూ ఇటూ, అక్కడి నుంచి డ్యాముకు మరో ఇరవై చిల్లర. గుడియాత్తం దాకా బస్సులకు లోటు లేదు. అక్కడి నుంచి పైకి మాత్రం బస్సులు తక్కువ, సొంత బండి ఉంటేనే సుఖం. అందుకే నేను మనసులో ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆ చివరి ఇరవై కిలోమీటర్లకు కూడా ఆయన నా వెనక ఎక్కకపోతే, బండి అమ్మేస్తాను. నాతో పనిచేసే ఒకావిడ ఎప్పటి నుంచో అడుగుతోంది. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు.

శనివారం పొద్దున ఏడు గంటలకు సత్తువాచ్చారిలో ఇంటి నుంచి బయలుదేరాం, ఎవరి దారిన వాళ్లం. ఆయన గొడుగు చంకన పెట్టుకుని కొత్త బస్టాండుకు, నేను నూట యాభై రూపాయల పెట్రోలు పోయించుకుని హైవే మీదికి. బస్సు టికెట్టు ముప్ఫై రూపాయల చిల్లర అయిందట. హైవే బాగుంది, స్కూటరుకు టోలు లేదు. పళ్ళికొండలో వంతెన కింద నుంచి కుడికి తిరిగితే గుడియాత్తం రోడ్డు. అక్కడ సన్నగా చినుకులు మొదలయ్యాయి. పాలారు వంతెన మీదికి వచ్చేసరికి ఏడాదంతా ఇసుకగా ఉండే ఏరు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నీళ్లతో ఉంది. ఆగి చూడాలనిపించింది గానీ బ్రేకు వేయాలంటే భయం. అప్పుడే ఒక బస్సు నన్ను దాటి వెళ్లింది. కిటికీలో మా ఆయన. చెయ్యి ఊపబోయి, నేను హ్యాండిలు వదిలేస్తానని భయపడ్డారో ఏమో, దించేశారు.

ఎనిమిదిన్నరకు గుడియాత్తం బస్టాండు దగ్గర కలుసుకుని, పక్కనే ఉన్న చిన్న హోటల్లో ఇడ్లీ, వడలు నలిపి కూరగా వండిన వడకర్రీ తిన్నాం. ఇద్దరికీ నూట పది రూపాయలు. వడకర్రీ కోసమే ఆ ఊరికి మళ్లీ వెళ్లొచ్చు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఇడ్లీలు తీస్తున్న ఆవిడ, 'అమ్మా'ను 'మా' అనే ఆ పక్క తెలుగులో, పలకరించింది. "యాడ నుంచి వస్తాండారు మా?" వేలూరని చెప్పాను. ఈయన బస్సులో, నేను బండి మీద అని చెప్పేసరికి ఆమె గరిటె ఆగిపోయింది. "ఒకే ఇంటి నుంచి ఇద్దురూ రెండు దోవలా?" బండి వానకు జారుతోందని ఏదో సర్దిచెప్పాను. "జారతాదా? అట్లయితే పేర్ణాంబట్టు రోడ్డులో మునిరత్నమన్న ఉండాడు, ఒకతూరి చూపించి పో. మా ఇంటాయన పాల బండికి ఆయనే దా టైర్లు వేసేది. వానైనా ఎండైనా ఒక చుక్క ఒలకలేదు ఇన్నేండ్లూ."

మునిరత్నం అంగడి అంటే సగం గది, ముందు కొంచెం సిమెంటు చేసిన జాగా, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి. అరవై ఏళ్లు ఉంటాయి, బక్క మనిషి. బండి ఆపి, టైర్ల గురించి నా పురాణం మొదలుపెట్టబోయాను. మునిరత్నం టైర్ల వైపే చూడలేదు.

"చెప్పులిడువు మా."

"ఏందప్పా, గుడా ఇది?" అన్నారు మా ఆయన నవ్వుతూ.

"నీవీ ఇడువు నాయనా."

ముందు నా చెప్పులు తీసుకుని తిరగేసి వెలుతురుకు పెట్టాడు. మడమ బయటి అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "ఈడ చూడు. రెండు కాళ్లకీ సమంగా, బయట పక్క అరిగింది. నడిస్తే ఇట్ల అరగదు. నువ్వు బండి పోతాండంగానే కాళ్లు కిందికి దించి రోడ్డుకు ఈడస్తాండావు. చేతి బ్రేకు మీద నమ్మకం లేదు. యాడో పడినావు."

ఏడాదిగా కాళ్లు ఈడుస్తున్నానని నాకే తెలియదు! మా ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకుని, "నేను బస్సులో నుంచి చూసినాను, వంతెన మీద. రెండు కాళ్లూ నేల మీదే ఉండినాయి" అన్నారు.

మునిరత్నం ఇప్పుడు ఆయన చెప్పులు తిరగేశాడు. వీటితో కాస్త ఎక్కువసేపు కూర్చున్నాడు. "మడమ బాగా అరిగింది. ఏడాది నడిచిన చెప్పు. అయితే నడుమ గీత లేదే!" అర్థం కాక చూశాం. "బండి వెనక కూర్చునే మనిషి కాలు కమ్మీ మీద పెడతాడు. పాదం నడుమ అడ్డంగా గీత పడాల. ఈ చెప్పుకి లేదు." ఆయన మొహంలోకి చూసి, ఎవరి గుట్టో విప్పుతున్నానని కూడా తెలియకుండా, మామూలుగా అడిగాడు. "ఏడాదిగా నువ్వు ఈయమ్మ బండెక్కలే కదా నాయనా?"

ఆ చెప్పులు మేం పడ్డ మర్నాడు కొన్నవి. పాతవి వంతెన మీదే తెగిపోయాయి. ఏడాదిగా మా ఇంట్లో ఇద్దరం నోరెత్తని సంగతిని, మమ్మల్ని ఎన్నడూ చూడని మనిషి రబ్బరు మీద చూసి చెప్పేశాడు. ఇదెలా తెలుస్తుందప్పా అని అడిగితే మునిరత్నానికి అదేమీ గొప్పగా తోచలేదు. "పదైదేండ్లు పేర్ణాంబట్టులో షూ కంపెనీలో చేసినా మా. వాడినాక చెడి తిరిగొచ్చిన షూలు చూసేది దా నా పని. కాలైనా చక్రమైనా నేలకు ఆనేది రబ్బరే కదా."

అప్పుడు గానీ టైర్ల దగ్గరికి రాలేదు. నా గడ్డల టైరు మీద అరచెయ్యి ఆనించాడు. "ఇది మట్టి దోవకి మా. మట్టిలో దిగి కరిచేదానికి గడ్డలు పెట్టినారు. తడి తారు మీద ఏం కరస్తాది? గడ్డల కొసలు దా ఆనతాయి, కడమంతా గాలిలో ఉండాది." రబ్బరులో గోరు గుచ్చాడు. గోటి అచ్చు పడలేదు. "బండి యాడ నిలబెడతావు?" ఎండలో అన్నాను. "అదే దా. మన పక్క ఎండ ఎక్కువ కాలం, వాన రెండు నెలలు. ఎండకు ఈ రబ్బరు రాయైపోతాది, ఆ రాయితో నువ్వు వానలోకి వస్తావు." ఆ తర్వాత వాల్వు నొక్కితే గాలి బుస్సున చాలాసేపు వచ్చింది. నా ఏడాది భద్రత అంతా అలా బయటికి పోయింది. ఎక్కువ గాలి కొడితే చక్రం నేలకు ఆనే చోటు ఇంకా తగ్గుతుందట. నేను భయపడి చేసిన ప్రతి పనీ బండిని ఇంకా జారేట్టే చేసింది.

రెండు టైర్లు తీసి చూపించాడు, మామూలుగా, ఏ ఆర్భాటమూ లేనివి. నడుమ నుంచి పక్కలకు నీళ్లు పోయే కాలువలు, గోరు దిగే మెత్తదనం. టైరు పక్కన చిన్న అచ్చులో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. అవి చూడకుండా టైరు కొనొద్దన్నాడు. పాతబడి అంగట్లోనే గట్టిపడిన టైరు కొత్తగానే కనిపిస్తుంది మరి. రెండూ కలిపి మూడువేల రెండు వందలు, బిగింపు కూలి నూట యాభై.

బిగించాక డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. రెండు బకెట్ల నీళ్లు తెచ్చి సిమెంటు జాగా మీద పోశాడు. "మూడు తూర్లు తడిలో బ్రేకు వేసి చూపించు. నువ్వు సరి అంటే దా డబ్బు." ఇది ఆయన అలవాటట, ఎవరికైనా ఇంతే. మొదటిసారి నా కాళ్లు వాటంతటవే దిగాయి. "కాళ్లు!" అని అరిచాడు. రెండోసారి ఒక్క కాలు దిగింది. మూడోసారి పళ్లు బిగించి, కాళ్లు పలక మీదే పెట్టి, రెండు బ్రేకులూ కలిపి నెమ్మదిగా నొక్కాను. బండి నీళ్ల మీద, గీసిన గీత దగ్గర ఆగినట్టు ఆగింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఇంకొకటి ఉండాది" అన్నాడు మునిరత్నం. "ఖాళీ బండి బ్రేకు వేరే, వెనక బరువుంటే వేరే. గాలి కూడా దాన్ని బట్టి పెట్టాల." మా ఆయన వైపు చూసి, ఆయన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక కాబోలు, పక్క అంగడి వైపు తిరిగాడు. "ఒక బియ్యం మూట తెచ్చి పెడదాం, ఉండండి."

నేను హ్యాండిలు పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. గొడుగు మూసిన చప్పుడు వినిపించింది.

"మూట ఎందుకప్పా? నేనుండాను కదా" అన్నారు మా ఆయన.

బండి వెనక కుంగింది. ఏడాది తర్వాత ఆ బరువు. ఆ చిన్న జాగాలో నాలుగో రౌండు కొట్టాం. బ్రేకు వేశాను. ఆగింది. నా భుజం మీద ఆయన చెయ్యి పడింది, అదే విరిగిన చెయ్యి. మునిరత్నం వంగి వెనక టైరు ఎంత కుంగిందో చూసి, ఇంకొంచెం గాలి కొట్టి, "ఇప్పుడు సరి" అని అప్పుడు డబ్బు తీసుకున్నాడు. ఇదంతా రాస్తానని చెబితే నవ్వాడు. "నాకు తెలుగు మాట్లాడేది దా వస్తాది మా, చదివేది రాదు. రాసినాక ఫోన్లో చదివి చెప్పు."

పదకొండున్నరకు బయలుదేరి పన్నెండున్నర దాటాక డ్యామ్ చేరాం. వానలో నెమ్మదిగా వెళ్లాం, ఆయన ఒకసారి తప్పు దారి చెప్పారు. చుట్టూ కొండలు, నడుమ గట్టు మీద నుంచి తెల్లగా పొర్లి పడుతున్న నీళ్లు, ఆ హోరు. మాట వినపడదు. అంత నీటి ముందు మనిషి తన సంగతులన్నీ మరిచిపోవాలి. నేను మాత్రం బండి అమ్మాలనుకున్న మాట ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. ఆయన నీళ్ల వైపే చూస్తూ, "అమ్మేస్తే నేను యాడ కూర్చోవాల?" అన్నారు. అక్కడ తినడానికేమీ దొరకవు, గుడియాత్తంలోనే పొట్లం కట్టించుకోండి. మూడింటికి దిగి, ఐదున్నరకు ఇల్లు చేరాం, ఒకే బండి మీద.

ఇది రాశాక మునిరత్నానికి ఫోన్లో చదివి వినిపించాను. చెప్పుల సంగతికి ఊఁ కొట్టాడు, డ్యామ్ సంగతికి ఊఁ కొట్టాడు, చివర్న "గాలి సంగతి సరిగ్గా రాయి మా, జనం తప్పు చేసేది ఆడనే" అన్నాడు. అందుకని రాస్తున్నాను. గాలి ఎంత పెట్టాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఒక్కరికి ఒక లెక్క, ఇద్దరికి ఒక లెక్క. పొద్దున్నే, చక్రం చల్లగా ఉన్నప్పుడు, ఆ లెక్క ప్రకారమే పెట్టించండి, భయంతో ఎక్కువ కాదు. టైర్ల అంగడికి వెళ్లేముందు మీ చెప్పులు కూడా ఒకసారి తిరగేసి చూసుకోండి. ఏ టైరూ తీయలేని భయం ఒకటి వాటికి అంటుకుని ఉండొచ్చు. నా భయాన్ని నేను దుకాణాల్లో వెతికాను, అది నా కాళ్ల కిందే ఉంది. దాన్ని చూడగలిగిన మనిషి ముప్ఫై ఐదు కిలోమీటర్ల దూరంలో, సగం గదిలో, నీళ్ల తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు.

మొన్న ఆదివారం ఆయన చెప్పులు కడిగి గోడకు ఆనించబోతూ తిప్పి చూశాను. పాదం నడుమ, అడ్డంగా, గోటితో గీసినంత సన్నగా ఒక గీత మొదలైంది. మునిరత్నంలాగే దాని మీద బొటనవేలు పెట్టి రుద్ది చూశాను.