ఒంటికాలి మీద ముగ్గురం

ప్యాంటు కూర్చుని వేసుకోవాలని నాకు డెబ్బై దాటాక తెలిసింది.

ఆ రోజు పొద్దున్నే ఒక పెళ్ళికి వెళ్ళాలి. మారేడ్‌పల్లిలోని మా ఇంటి హాల్లో నా భార్య పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. నేను పడకగదిలో ఎప్పటిలాగే నిలబడి, ఎడమకాలి మీద బరువు వేసి కుడికాలు ప్యాంటులోకి దూర్చాను. బొటనవేలు లోపలి కుట్టులో ఇరుక్కుంది. విడిపించుకుందామని ఒక గెంతు గెంతాను. గెంతిన చోట చిన్న తివాచీ ఉంది. అది జారింది. ఆసరా కోసం బీరువా తలుపు పట్టుకోబోతే అది కాస్తా తెరుచుకుంది. ఇస్త్రీ చీరల దొంతరతో సహా నేల మీద పడ్డాను.

నా భార్య పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏందీ, గిట్లెట్ల పడ్డరు? లేవకుండ్రి, జెర ఆగుండ్రి. తలకేమన్న తాకిందా?"

తలకేమీ కాలేదన్నాను. ఎడమ మణికట్టు మాత్రం నొప్పి పుడుతోందన్నాను. తను నా తల తడిమి చూసి, కళ్ళలోకి చూసి, మనిషి మాట్లాడుతున్నాడని నమ్మకం కుదిరాక నన్ను సాంతం ఒకసారి చూసింది. ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు బయట, భుజాన తన గద్వాల చీర. పాపం, ఆపుకోవాలని చూసింది కానీ నవ్వు ఆగలేదు. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి ఇంకా నొప్పి పుట్టింది.

మణికట్టు ఎముక చిట్లిందన్నారు. పెళ్ళిభోజనానికి బదులు ఆ పూట పెళ్ళికని వేసుకున్న బట్టల్లోనే ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నాం.

కట్టు విప్పాక అసలు కథ మొదలైంది. చెయ్యి బాగైంది కానీ నడక పాడైంది. ఇంట్లోనే గాజుపెంకుల మధ్య నడుస్తున్నట్టు నడిచేవాణ్ణి. హాలు నుంచి వంటింటి దాకా గోడ పట్టుకునే వెళ్ళేవాణ్ణి. సాయంత్రం వాకింగ్ మానేశాను. వాన పడుతుందనో, ఎండ తగ్గలేదనో రోజుకొక సాకు చెప్పేవాణ్ణి. ఒకరోజు నా భార్య కొత్తగా రంగు వేయించిన గోడ మీద నా చేతి మరకలు వరుసగా ఉండటం చూసి, డాక్టరుకు ఫోన్ చేసింది.

ఆయన ఒక ఫిజియోథెరపిస్టును పంపించాడు. మా మనవరాలి వయసు ఉంటుందా అమ్మాయికి. వస్తూనే నన్ను హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడవమంది.

"అంకుల్, మీరు నేలని చూస్తూ నడుస్తున్నారు. ముందుకి చూడట్లేదు."

"నేల చూడకపోతే పడతాను కదమ్మా?"

"పడతానని భయపడి నడక తగ్గించేస్తే కాళ్ళల్లో బలం పోతుంది. అప్పుడు నిజంగానే పడతారు. మనం రెండు పనులు చేద్దాం. ఫస్ట్ ఇంటిని చూద్దాం, తర్వాత మీ కాళ్ళని చూద్దాం."

ఇల్లు చూడటం మొదలుపెడితే నాకే సిగ్గేసింది. తివాచీ ఇంకా అక్కడే ఉంది. సెల్‌ఫోన్ ఛార్జర్ వైరు దారికి అడ్డంగా సాగి ఉంది. పడకగది నుంచి బాత్రూంకు వెళ్ళే చోట బల్బు ఎప్పుడు పోయిందో ఇద్దరికీ గుర్తులేదు. నా చెప్పులు అడుగు అరిగి అద్దంలా నున్నబడ్డాయి. కళ్ళజోడు పవరు చూపించుకుని చాలాకాలమైంది. బీపీ మాత్ర వేసుకుంటున్నానని చెబితే, పొద్దున లేవగానే కాసేపు మంచం అంచున కూర్చుని, కళ్ళు తిరగడం లేదని తెలిశాకే నిలబడమంది. డాక్టరును కూడా ఒకసారి అడగమంది. ప్యాంటు సంగతి విని, "ఇకనుంచి మంచం మీద కూర్చుని వేసుకోండి అంకుల్, ఎవరూ చూడరు" అంది.

అన్నిటికీ ఒప్పుకున్నాను. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించాలన్నప్పుడు మాత్రం మొండికేశాను. ఇల్లు ఆసుపత్రిలా తయారవుతుందన్నాను.

"కడ్డీ సుత మంచిగనే ఉంటది. మీరు పట్టుకోకుంటే నేను టవల్ ఏస్కుంట" అంది నా భార్య. ఆ వారమే బిగించారు. ఇప్పుడు దాని మీద టవలూ ఉంటుంది, నా చెయ్యీ ఉంటుంది.

మాది ఒకే ఆఫీసులో పనిచేస్తూ చేసుకున్న పాతకాలపు పెళ్ళి. నాది గుంటూరు వైపు, తనది సికింద్రాబాద్. ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పోటీ రాలేదు. ఈ వ్యాయామాలతో వచ్చింది. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడాలి. ఒక కాలి వేళ్ళ ముందు రెండో కాలి మడమ ఆనించి తాడు మీద నడిచినట్టు నడవాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. నేను గట్టు పట్టుకుని ఊగిపోతుంటే, పప్పు ఉడికించుకుంటున్న నా భార్య "గిదేం కష్టం?" అంటూ పక్కన చేరింది. చీర కాస్త ఎత్తి పట్టుకుని కొంగలా నిలబడింది. కుక్కర్ విజిల్ వచ్చింది, తను కదల్లేదు. మళ్ళీ వచ్చింది, అయినా కదల్లేదు. నేను ఆ విజిల్ చప్పుడుకే ఉలిక్కిపడి కాలు దించేశాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పప్పు కొంచెం ఎక్కువగానే ఉడుకుతోంది.

ఒకవేళ పడితే ఎలా లేవాలో కూడా ఆ అమ్మాయి నేర్పింది. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీద కుర్చీ దాకా పాకి, దాన్ని పట్టుకుని లేవాలి. ఇద్దరం చాప పరుచుకుని సాధన చేస్తుండగా పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి తలుపు తోసుకుని వచ్చింది. మేమిద్దరం మోకాళ్ళ మీద ఒకే కుర్చీ వైపు పాకుతున్నాం. ఆవిడ గిన్నె అక్కడే పెట్టి వెనక్కి తిరిగింది. మరునాడు సంగతేమిటని అడిగి, తనూ ఒక చాప పట్టుకుని వచ్చింది.

కాళ్ళు కుదురుకున్నాక మాకు బావ గుర్తొచ్చాడు. బావంటే నా భార్యకు అన్న, నాకంటే బాగా పెద్దవాడు. రెజిమెంటల్ బజార్లో కింద బట్టల దుకాణం, పైన ఇల్లు. దుకాణం ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. ఒక వానాకాలం బావ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, నడవొచ్చని డాక్టర్లు చెప్పారు. కానీ ఆసుపత్రికి తప్ప ఆయన మళ్ళీ మెట్లు దిగలేదు. బజారంతా గొంతు వినిపించేలా మాట్లాడే మనిషి, బాల్కనీలో కుర్చీ వేసుకుని కిందికి చూస్తూ కూర్చుండిపోయాడు.

ఒక ఆదివారం వెళ్ళి నా ఒంటికాలి ప్రతాపమంతా చెప్పాను. ఆయన చిన్నగా నవ్వాడు.

"నాకెందుకు బావ ఇయ్యన్ని? ఈడ కూసుంటే అంత కనిపిస్తనే ఉంది గద."

"కనిపిస్తే సరిపోతుందా బావా?"

నా భార్య లేచి, హాలు మధ్యలో ఒక కాలు ఎత్తి నిలబడింది.

"ఏయ్ చెల్లె, పడ్తవ్!"

"నేనేం పడ. నువ్వెంతసేపు నిలబడ్తవో చెప్పు."

"నేనా? దుకాణంల పొద్దుందాక నిలబడెటోణ్ణి."

"గది రెండు కాళ్ళ మీద అన్నా. ఒక్క కాలు మీద చెప్పు."

బావ నవ్వబోయి ఆగిపోయాడు. మోకాళ్ళు రాసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "భయమైతది బావ. మెట్టు మీద కాలు వెడ్తె ఆ దినం యాదికొస్తది. కొడుకుని పరేషాన్ చెయ్యొద్దని ఊకున్న" అన్నాడు. అంత పెద్ద మనిషి నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. నాకూ గోడ పట్టుకుని నడిచిన రోజులు ఉన్నాయి కాబట్టి ధైర్యం చెప్పాలనిపించలేదు. "నాకూ అయింది బావా" అన్నాను. ఆయన నా చెయ్యి తీసుకుని, చిట్లిన మణికట్టును కాసేపు నొక్కి చూశాడు.

మా ఫిజియోథెరపిస్టు అమ్మాయే ఆయన దగ్గరికీ వెళ్ళింది. వ్యాయామాలు చెప్పకముందు ఒక ప్రశ్న అడిగింది. "అంకుల్, బయటికి వెళ్ళగలిగితే ఎక్కడికి వెళ్ళాలని ఉంది?"

బావ వెంటనే చెప్పాడు. "బన్సీలాల్‌పేట్ బాయి."

అన్నాచెల్లెళ్ళిద్దరూ పుట్టింది ఆ మెట్లబావి పక్క గల్లీలోనే. వాళ్ళ నాయనమ్మ ఆ బావి నీళ్ళు మోసుకొచ్చేదట. వీళ్ళు పెద్దవాళ్ళయ్యాక అందులో చెత్త తప్ప ఏమీ కనిపించేది కాదు. చెత్తంతా తీసి బాగుచేశాక మళ్ళీ నీళ్ళొచ్చాయని, రాతిమెట్లు కడిగినట్టు కనిపిస్తున్నాయని బావ ఫోన్‌లో చూశాడు. "ఫోన్ల కాదు, ఎదురుంగ సూడాలె" అన్నాడు.

కొడుకు మెట్లకు రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించాడు. ప్రతి మెట్టు అంచునా పసుపురంగు గీత వేయించాడు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు అని ఆ అమ్మాయి చెప్పింది. బావ దాన్ని పాఠం అప్పగించినట్టు పైకి అనుకుంటూ దిగేవాడు. మొదట ఒక మెట్టు, తర్వాత సగం. ఆయన మొత్తం దిగి దుకాణం ముందు నిలబడ్డ సాయంత్రం మేమూ అక్కడే ఉన్నాం. ఎదురుగా గాజుల కొట్టాయన గల్లాపెట్టె వదిలేసి వచ్చాడు. ఒకాయన చాయ్ తెచ్చాడు, ఇంకొకాయన కుర్చీ తెచ్చాడు. "కుర్సీ వద్దు బై, పైన కూసొని కూసొని తక్లీఫ్ అయింది" అన్నాడు బావ. నిలబడే చాయ్ తాగాడు. పలకరించిన వాళ్ళందరితో మాట్లాడి గల్లీ చివరిదాకా వెళ్ళేసరికి దీపాలు వెలిగించారు.

చలికాలం ఒక పొద్దున ముగ్గురం ఆటోలో బన్సీలాల్‌పేట్ వెళ్ళాం. బావ కొత్త బూట్లు వేసుకున్నాడు, చేతికర్ర పట్టుకున్నాడు. బావి పైన నిలబడి కిందికి చూశాడు. మెట్లు వరుసలు వరుసలుగా కిందికి దిగి, అడుగున పచ్చటి నీళ్ళ దగ్గర ఆగాయి. స్తంభాల నీడ నీళ్ళలో కదులుతోంది.

"దిగుదమా?" అన్నాడు.

దిగనిచ్చినంత వరకు దిగాం. నేను ఆయనకు ఒక మెట్టు కింద, నా భార్య పక్కన. ఆయన ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి తీసుకుని, తర్వాతి మెట్టు చూసుకుని దిగాడు. ఎవరికీ తొందర లేదు. కింద ఒక వెడల్పాటి మెట్టు మీద ఆగి, కర్ర నా చేతికిచ్చి, "ఓయ్!" అని గట్టిగా అరిచాడు. బావి కూడా "ఓయ్" అంది. పైన నిలబడ్డ వాళ్ళు తొంగి చూశారు. మళ్ళీ అరిచాడు.

"అన్నా, మెల్లగ! ఎగురకు" అంది నా భార్య కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

"నాయినమ్మ గిన్ని మెట్లు నెత్తి మీద బిందెతోని ఎక్కిందంటె సూడు చెల్లె. ఒక్క సుక్క ఒలకకుంట ఎక్కేదంట." ఆ మెట్టు మీదే కూర్చుని, చేత్తో రాయిని నిమురుతూ, వాళ్ళ నాయనమ్మ గురించి నేను ఎన్నడూ వినని సంగతులు చెప్పాడు. ఎండ బావిలోకి దిగేదాకా విన్నాం.

ఎక్కడానికి దిగినదానికంటే ఎక్కువసేపు పట్టింది. పైకి వచ్చాక ముగ్గురికీ ఆకలి దంచేసింది. రోడ్డు పక్క బండి దగ్గర వేడివేడి మిర్చి బజ్జీలు తిన్నాం. బావ నాకంటే ఎక్కువే తిన్నాడు. ఆటో కదిలి మలుపు తిరిగేలోపే చెల్లెలి భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

నా భార్య ముందుకు వంగి, ఆటో అబ్బాయితో గుసగుసగా అంది. "జెర మెల్లగ పోనియ్యి బిడ్డా. గుంతలు సూసుకో. మా అన్న పండుకున్నడు."