మా ఇంట్లో జత నిలవదు

మా ఇంటి హాల్లో గోడ పొడవునా అద్దాల షోకేసు ఉంది. ఫ్లవర్‌వాజులు, పింగాణీ బాతులు, గాజు చేపలు, ఎక్కడెక్కడో మోజుపడి కొన్నవన్నీ అందులో పేర్చుకున్నాను. కాస్త నిదానంగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అన్నీ ఒంటివే. నెమలి మెడ వాజు ఒకటే, గులాబీల వాజు ఒకటే, ఆఖరికి బాతు కూడా ఒంటరిదే. కొన్నప్పుడు అన్నీ జతలే. రెండోవి ఎటుపోయాయంటే, ఊరంతా పోయాయి. జహీరాబాద్‌లో మా చుట్టాలు, మా ఆయన దోస్తులు ఎవరింటికి వెళ్లినా నా వాజు ఒకటి మూలనుంచి నన్ను చూస్తూ ఉంటుంది.

ఇదంతా మా ఆయన చేతి చలువ. వచ్చినవాళ్లు చాయ తాగుతూ మర్యాదకు షోకేసు బాగుందంటే చాలు, లేచి అద్దం జరిపేస్తాడు.

"ఏది నచ్చింది? గిదా? తీస్కపో."

"అయ్యో, వద్దన్నా."

"రెండున్నయి గదా! ఒకటి నీకు, ఒకటి మాకు."

ఇచ్చేసి, పెద్ద న్యాయం చేసినవాడిలా నా వైపు చూస్తాడు. ఆయన దృష్టిలో అది రొట్టెలు పంచినట్టే. జత అంటే ఏమిటో చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఒకసారి ఒళ్లు మండి, "నీ చెప్పులు గూడ రెండున్నయి, ఒకటి ఇయ్యరాదూ?" అన్నాను. పడీ పడీ నవ్వాడు. మర్నాడే ఇంకో వాజు పోయింది.

చిరాగ్‌పల్లి దగ్గర ముంబై రోడ్డు పక్కన గడ్డి పరిచి పింగాణీ సామాను అమ్మేవాళ్లు కూర్చునేవారు. బస్సులోంచి చూస్తేనే నా ప్రాణం లాగేది. దిగి, బేరమాడి, తిరుగు బస్సులో కొంగు చుట్టి పట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి తెచ్చుకునేదాన్ని. అవి పోతే పోయాయి, అలాంటివి మళ్లీ దొరుకుతాయి. బిద్రీ వాజుల జత అట్లా కాదు.

మా అన్న బీదర్‌లో ఉంటాడు. మేం ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ జత తెచ్చాడు. కాటుకలాంటి నలుపు, మీద వెండి తీగతో పొదిగిన పూలు. ఒకదాని మీద తీగ కుడికి పాకితే రెండోదాని మీద ఎడమకు పాకుతుంది. పక్కపక్కన పెడితే రెండు తీగలూ కలుస్తాయి. అంత దూరం మోసుకొచ్చి, మా అన్నే తన చేత్తో షోకేసు నడుమ పెట్టాడు.

నేను దవాఖానకు వెళ్లిన పూట మా ఆడబిడ్డ న్యాల్‌కల్ నుంచి వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి షోకేసు నడుమ ఒక్క వాజే ఉంది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన లొల్లి వీధి వీధంతా విన్నది. అయినా ఇచ్చినదాన్ని అడిగి తెచ్చుకోవడం బాగుండదని నోరు మూసుకున్నాను.

అలా మూసుకుని ఉండగా, తన మోకాళ్ల నొప్పులు తగ్గాయి, ఇన్నాళ్లకు ఈ ఆదివారం వస్తున్నానని అన్న ఫోన్ చేశాడు. గుమ్మం దాటగానే ఆయన చూపు పడేది షోకేసు మీదే. ఒక్కటే కనిపిస్తే ఏమనుకుంటాడు? తన చెల్లెకు తను ఇచ్చిందంటే ఖాతరు లేదనుకోడూ? ఆ మాట ఆయన పైకి అనడు, అదే నా బాధ. సిగ్గు వదిలేసి న్యాల్‌కల్ బస్సెక్కాను.

"మీ అన్న ఇచ్చిన వాజేదే?" అన్నాను, ఆడబిడ్డ ఇచ్చిన నీళ్లయినా తాగకుండా.

"ఆ మసి చెంబా? నేనడిగిన్నా వదినె? మంచిగున్నదని అంటి, అంతే. కూర మంచిగున్నదంటే గంజు గూడ ఎత్తి ఇస్తడు మా అన్న."

లోపలికి వెళ్లి తెచ్చింది. ఇది కాదన్నాను. ఇదే అన్నది. తెల్లబడి, పాత సత్తు గిన్నెలా ఉంది. వెండి పూలు ఆ తెలుపులో కలిసిపోయాయి.

"ఏం జేసినవే దీన్ని?"

"తోమిన! దసరకు ఇత్తడి సామాను తోమేటప్పుడు దీన్ని గూడ చింతపండు, బూడిద పెట్టి తోమిన. ఇంత మసి నా జన్మల సూడలే. మా అత్త గూడ చెయ్యేసింది. ఎట్లున్నది సూడు ఇప్పుడు!"

"అది మసి కాదే తల్లీ, దాని రంగే అది."

"నల్లగ చేసి అమ్ముతరా ఎవలన్న? జర మెల్లగ అను వదినె, మా అత్త ఇంటది. చేతులు పగిలినయి ఆమెకు."

దాన్నే సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఇంట్లో మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది. ఒకటి పగలు, ఒకటి రాత్రి అనుకో" అన్నాడు. కాటుక రాసి చూశాను. నా చేతులే నల్లబడ్డాయి. చివరికి గాజు చేప వెనక పెట్టి దాచాను.

ఆదివారం అన్న వచ్చాడు. చెప్పులు విడిచి నేరుగా షోకేసు దగ్గరికే పోయి, చేపను జరిపి, తెల్లదాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేందే చెల్లె..."

అన్న మాట పూర్తి కాకముందే వెనకనుంచి మా ఆయన, "నచ్చిందా బావా? తీస్కపో!" అన్నాడు.

"ఇయ్య!" అని అరిచాను. నా చేతిలో చాయ ఒలికింది. "ఆయన తెచ్చింది ఆయనకే ఇస్తవా? ఇగ ఈ ఇంట్లకెల్లి ఒక్క పుల్ల గూడ ఎవలకూ ఇయ్య!"

నోరు తెరిచాక ఆగలేదు. ఆడబిడ్డ, దసరా, చింతపండు అన్నీ చెప్పేశాను. మా ఆయన కిటికీలోంచి రోడ్డు మీద లారీలు చూస్తూ నిలబడ్డాడు. అన్న వాజు మీద గోటితో తడిమి తీగను వెతికాడు.

"తీగ పోలే. నలుపే పోయింది. ఈ నలుపు వచ్చేదే మా బీదర్ కోట మన్నుతోని, అది పెడితే మళ్ల ఎక్కుతది. చేసేటోళ్లు మా గల్లీలనే ఉన్నరు. ఫికర్ చెయ్యకు, ఇటియ్యి."

తువ్వాలు చుట్టి నా చేతులతో నేనే ఇచ్చాను. అన్న వెళ్లాక మా ఆయనకు ధైర్యం వచ్చింది. "నువ్విస్తే రిపేరు, నేనిస్తే తప్పా?" అన్నాడు. వారమంతా అదే పాట.

తర్వాత ఎంత చూసినా వాజు రాలేదు. మొన్న అన్నకు ఫోన్ చేస్తే వదిన ఎత్తింది.

"అదా? ఎప్పుడో అయ్యింది. నిగనిగ మెరుస్తున్నది. టీవీ పక్కకు పెట్టిన. ఎంత ముద్దుగున్నదో!"

"వదినా, అది నాది."

"నీదే తల్లీ, ఎవలు కాదన్నరు? జర పండుగ దాంక ఉండనియ్యి."

ఏ పండుగో చెప్పలేదు. రేపు పొద్దున బీదర్ బస్సెక్కుతున్నాను. మా ఆయన తోడొస్తానన్నాడు. అక్కర్లేదన్నాను.