ఉస్తాద్ దాచిన మూడు చింతగింజలు

వాయిస్తుండగా ఫోన్ మోగితే ఎత్తొద్దని నాకు నేర్పింది ఉస్తాదే. అందుకే ఆయన పోయిన కబురు మొన్న శుక్రవారం పొద్దున పావుగంట ఆలస్యంగా తెలిసింది నాకు. పాట ముగించి చూస్తే చాచీ, అంటే ఆయన భార్య, ఆరుసార్లు చేసి ఉంది.

మెట్‌పల్లి నుంచి హుజూరాబాద్ దాకా ఎంతమంది పెళ్లికూతుళ్లను ఆయన క్లారినెట్ అత్తారింటికి సాగనంపిందో! మీరూ వినే ఉంటారు, మనిషెవరో తెలియకపోయినా.

మాది సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇల్లు. ఇరవై రెండేళ్లప్పుడు ఉస్తాద్ పెళ్లి బ్యాండులో చేరతానంటే మా బాపు ఒక్కటే మాటన్నాడు. "హుజూరాబాద్ పెండ్లిల అప్పగింతల పాట నువ్వొక్కనివే వాయించు. జర తప్పినా తెల్లారి సాంచె మీదికి రావాలె." నలభై రోజుల గడువు. నాకు అన్నం సయించేది కాదు.

ఉస్తాద్ ఎడమ పళ్లెంలో ఇరవై ఒక్క చింతగింజలు పోసేవాడు. తప్పు లేకుండా పాట ఒకసారి వాయిస్తే ఒక గింజ కుడి పళ్లెంలోకి. తప్పిందా, అన్నీ మళ్లీ ఎడమకే. పంతొమ్మిదో గింజ దగ్గర నా నోరు ఎండిపోయేది. నా రోగం ఒకటే. పుట్టినప్పటి నుంచి విన్న సాంచె చప్పుడు వేళ్లలోకి ఎక్కింది. నెమ్మదిగా మొదలైన పాట చరణానికొచ్చేసరికి దడదడా పరుగెత్తేది.

"అరె బేటా, పిల్లను సాగనంపుతున్నవా, తరుముతున్నవా?" అనేవాడు.

ఒకరోజు ఒళ్లు మండింది. "గదే పాట, గదే పాట! ఇసుగొస్తుంది ఉస్తాద్!"

"ఇసుగు నీకొచ్చింది, పాటకు రాలే," అన్నాడు తాపీగా. "నువ్వు వెయ్యిసార్లు వాయిస్తవ్. గా పిల్ల ఒక్కసారే ఇంటది."

అయినా నాకు సిగ్గు లేదు. ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, వాయించకుండానే మూడు గింజలు కుడికి జరిపాను. మసీదు పక్క సందులోనే, వాయిస్తే అక్కడికి వినిపిస్తుందని మరిచాను. తిరిగొచ్చి పళ్లెం చూశాడు, నా మొహం చూశాడు. మూడు గింజలు తీసి జేబులో వేసుకున్నాడు.

"గివి నా దగ్గరుంటయి. ఫికర్ చెయ్యకు."

హుజూరాబాద్‌లో సరిగ్గా చరణం ముందు, పందిరి వెనక జనరేటర్ మొదలైంది. అచ్చం సాంచె దరువే! నా వేళ్లు దాని వెంట పోబోయాయి. బాపు గుంజ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉస్తాద్ నన్ను చూడడం లేదు, పెళ్లికూతురిని చూస్తున్నాడు. నేనూ అటే చూశాను. ఆ పిల్ల వాళ్లమ్మ చెయ్యి వదలడం లేదు. వదిలేదాకా పాటను నెమ్మదిగానే నడిపాను.

తెల్లారి బాపు నన్ను సాంచెల మీదికి లేపలేదు.

పదకొండేళ్లయింది. మొన్న ఉస్తాద్‌కు మట్టి ఇచ్చి వచ్చాక, చాచీ ఆయన క్లారినెట్ పెట్టె నా చేతిలో పెట్టింది.

"నీకియ్యమన్నడు బేటా. అండ్ల గింజలు పారెయ్యొద్దని గూడ చెప్పిండు."

మూడు చింతగింజలు, అరిగి నున్నగా ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ మూడుసార్లు నేనింకా వాయించనేలేదు.

మర్నాడు పొద్దున రెండు పళ్లేలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి గింజ కుడికి వెళ్లింది. రెండోదీ వెళ్లింది. మూడోసారి చరణంలో వేళ్లు పరుగెత్తాయి. ఇంట్లో ఎవరూ లేరు, అడిగేవాళ్లూ లేరు. కుడి పళ్లెంలోని రెండు గింజలూ తీసి ఎడమ పళ్లెంలో వేసి, మళ్లీ మొదలుపెట్టాను.