తలుపు మీద అరచెయ్యి

ఇవాళ బస్టాండు ఎదుట సొంత షాపు, ముగ్గురు పనివాళ్ళూ ఉన్న కుక్కర్లాయన ఒకప్పుడు మా వీధిలో ఇంటింటికీ తిరిగి అమ్మేవాడు. ఆయన్ని నేను దొంగ అనుకున్నాను. భగవంతుడు నన్ను క్షమించాలి.

ఆయన తలుపు కొట్టి ఊరుకునేవాడు కాదు. కొట్టాక అరచెయ్యి తలుపుకు ఆనించి, కదలకుండా నిలబడేవాడు. దాన్ని మొదటగా కిటికీలోంచి చూసింది దర్జీ భార్య.

"గడియ ఎంత గట్టిదో చూస్తున్నాడు అక్కా!" అని నా చెవిలో ఊదింది. ఆనాటి నుంచి నా కంటికీ అలాగే కనిపించసాగింది.

వంక పెట్టడానికి మనిషిలో ఏమీ లేదు. ఉతికిన చొక్కా, చేతిలో బరువైన సంచి. మెట్ల మీద ఎవరిదైనా పాలపాకెట్టు ఎండకు ఉంటే తీసి నీడలో పెట్టి పోయేవాడు. ముసలివాళ్ళ ఇళ్ళలో కుక్కరు పిడి వదులైతే ఊరికే బిగించేవాడు.

"ఊరికే చేస్తున్నాడంటే ఏదో ఉంది వదినా," అంది మా ఆడపడుచు. "పైగా ఆ చూపేమిటి? మాట్లాడుతుంటే నోటి వంకే చూస్తాడు!"

ఒకరోజు మా వంటింట్లో కొత్త కుక్కరులో బంగాళాదుంపలు ఉడికించి చూపిస్తానన్నాడు. "మూడు విజిల్స్ చాలమ్మా," అని దాని మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. రెండయ్యాయి. పక్కగదిలో బీరువా దగ్గర నుంచి మా ఆడపడుచు ఏదో అడిగింది. పలకలేదు. నేను వేలితో చూపిస్తే అటు తిరిగి ఆమెకు జవాబు చెప్పసాగాడు. మూడు, నాలుగు, అయిదు. కుక్కరు ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నా ఇటు చూడలేదు. దుంపలు గుజ్జయిపోయాయి. ఆయన మనసు బీరువా మీదే ఉందని మేమిద్దరం తేల్చేశాం.

ఆ వారమే ఎవరో పట్టపగలు గడియ ఊడబెరికి దర్జీ కుట్టుమిషను ఎత్తుకుపోయారు.

మర్నాడు కుక్కర్లాయన్ని దర్జీ ఇంటి ముందు నిలబెట్టారు. ఆయన పనిచేసే షాపు యజమానిని కూడా పిలిపించారు. తలా ఒక మాట అంటున్నారు. ఆయన ఒకరి నుంచి ఒకరికి తల తిప్పుతున్నాడు, ప్రతిసారీ కాస్త ఆలస్యంగా.

"తలుపులెందుకయ్యా తడుముతావ్?" అని వెనక నుంచి అరిచాడు దర్జీ. ఆయన అటు తిరగనే లేదు. "చూశారా, నోరు పెగలడం లేదు!"

యజమాని ఎదురుగా వచ్చాడు. "చెప్పు. లేకపోతే రేపట్నుంచి పనిలోకి రాకు."

"చెప్పినా పని పోతుంది సార్," అన్నాడాయన. "నాకు చెవులు వినబడవు."

ఆరేళ్ళప్పుడు జ్వరంలో పోయాయట. వాళ్ళమ్మ రోజూ కిటికీ వెలుగులో కూర్చుని శబ్దం లేకుండా మాటలు పలికేదట. పెదాలు చూసి ఈయన పైకి చెప్పాలి. గొంతు పెరిగితే ఆమె చేత్తో ఆ గొంతు నిమిరేదట. బడిలో పిల్లలు వెనక నుంచి పిలిచేవారు. తిరిగి చూస్తే నవ్వులు మాత్రం కనబడేవి. పెద్దయ్యాక మూడు షాపుల్లో చెవుడని చెప్పి పని పోగొట్టుకున్నాడు. నాలుగోచోట, అంటే ఈ షాపులో, ఎనిమిదేళ్ళుగా చెప్పలేదు. పెట్టెలు మోసి, నట్లు బిగించి, చివరికి అమ్మడం నేర్చుకున్నాడు.

"లోపల ఎవరైనా వస్తుంటే ఆ అదురు చేతికి తెలుస్తుంది. తెలియకపోతే ఎవరూ లేరని వెళ్ళిపోతాను. అంతే."

"నాటకం!" అన్నాడు దర్జీ. "ఎనిమిదేళ్ళు దాచినవాడు ఇంకేం దాచడు?"

యజమాని ముఖంలోనూ అదే ప్రశ్న కనిపించింది. నేను ముందుకు వెళ్ళి మా వంటింట్లో అయిదు విజిల్స్ సంగతి చెప్పాను. కుక్కరు అలా అరుస్తుంటే చెవులున్నవాడెవడూ నిలబడలేడని చెప్పాను. బీరువా మీద కన్నేశాడన్న మాట పుట్టించింది మేమేనని కూడా చెప్పాను.

యజమాని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అయితే ఇన్నాళ్ళూ నీ వెనక నిలబడి నేను తిట్టిన తిట్లన్నీ దండగేనా?"

"ఎదురుగా తిట్టినవే చాలా ఉన్నాయి సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. యజమానికీ నవ్వు ఆగలేదు. "రేపు పొద్దున్నే రా. దాచావన్న కోపం మాత్రం నాకు పోలేదు," అన్నాడు.

జనం కదులుతుంటే దర్జీ భార్య ఆయనకు ఎదురుగా వెళ్ళి నిలబడి, ఒక్కొక్క మాటే నిదానంగా పలికింది. "మా కుక్కరు ఆవిరి పట్టడం లేదు బాబూ. ఎప్పుడొస్తావ్?"

"రేపే వస్తానమ్మా."

దర్జీ మాత్రం కొత్త గడియకు మేకు కొడుతూ తలెత్తలేదు.