గాలి వచ్చే వరండా

మొన్న అద్దంకి వెళ్తుంటే, కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గుప్పున బస్సులోకి కొట్టింది. అందరూ దగ్గారు. నాకు మాత్రం మా వరండాలో జరిగిన ప్రార్థన కూడికలు గుర్తొచ్చాయి.

మా పేటలో బుధవారం సాయంత్రం ప్రార్థన వారానికొక ఇంట్లో జరిగేది. నాకు ఏడేళ్లప్పుడు, తమ్ముడు పుట్టిన పది రోజులకే చనిపోయాడు. అమ్మ చర్చికి వెళ్లడం మానేసింది, గడప దాటడమే మానేసింది. అప్పట్నుంచి ప్రతి బుధవారం కూడిక మా ఇంట్లోనే. ఐదుగురు ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లలో దీనమ్మత్త కూలికి తెచ్చుకున్న మిరపకాయల గోతాం మధ్యలో కుమ్మరించేది. తొడిమలు తీస్తూనే అందరూ పాడేవారు. అమ్మ గోడకి ఆనుకుని ఊరికే కూర్చునేది. ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

"ఎప్పుడూ మా ఇంట్లోనేనా అత్తా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"మీ వరండాలో గాలి బాగా వచ్చిద్దే పిల్లా," అంది దీనమ్మత్త. నేను నమ్మేశాను.

ఒక బుధవారం, పాట మధ్యలో అమ్మ చెయ్యి చాపి ఒక కాయ అందుకుంది. తొడిమ తుంచింది. ఇంకొకటి అందుకుంది. పాట అయ్యాక దీనమ్మత్తతో, "వచ్చే వారం మీ ఇంట్లో పెట్టుకుందాం వదినా, నేనొస్తా," అంది.

ఐదుగురూ కళ్లు తుడుచుకున్నారు. మిరప చేతులతో తుడుచుకుంటే మండదా అనుకుంటూ నేను నీళ్ల కోసం పరిగెత్తాను.

ఆ వరండాకి మూడువైపులా గోడలే, ఎదురుగా పక్కింటి గోడ. గాలి వచ్చే దారే లేదని మొన్న బస్సులో గానీ నాకు తట్టలేదు.