చెంగప్ప లెన్సులో నేను పెట్టని రింగు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువును కంసాలి త్రాసులో వేసినా ముల్లు కదలదు. ఒక ఇత్తడి రింగు. పాత రూపాయి బిళ్లంత చుట్టు, కాగితమంత పలచన. ఫిల్ము రోలు వచ్చే అల్యూమినియం డబ్బాలో వేసి బల్ల సొరుగులో పెట్టాను. సొరుగు లాగినప్పుడల్లా చిన్నగా మోగేది. నలభై ఏళ్లకు పైగా మోగింది. నేను తప్ప ఎవరూ వినలేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పాలంటే ముందు వాళ్ల ముఖం చూడాలి. ఒక ముఖం చూసి వచ్చాను, అది చాలు.

మదనపల్లెలో కెమెరాలు బాగుచేసేవాణ్ణి. ఆరో తరగతితో బడి మానేశాను. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క పెట్టుకుని, ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ పని నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పటికీ ఉంది. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా కొంచెం ఛాతీ పొంగింది, చూడండి. సిగ్గు లేదు నాకు.

చెంగప్పది పుంగనూరులో స్టూడియో. నాకంటే ఐదేళ్లు చిన్న. అన్నా అని పిలిచేవాడు. పెళ్లిళ్లలో అందరూ ఫ్లాష్ కొడుతుంటే అతను కొట్టేవాడు కాదు. "ఫ్లాష్ కొడితే ముఖాన సున్నం కొట్టినట్టుంటాదన్నా" అనేవాడు. తెల్లవారుజాము ముహూర్తాల్లో, దీపం వెలుగులో, లెన్సు పూర్తిగా తెరిచి తీసేవాడు. పెళ్లికూతురు తల వంచుకుంటే రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. ఈ చుట్టుపక్కల అలా తీసేవాడు ఇంకొకడు లేడు. ఇది ఈరోజు చెబుతున్నాను. అప్పుడు చెప్పలేదు.

అతనిది రష్యా నుంచి వచ్చిన రేంజ్‌ఫైండర్ కెమెరా. అందులో కన్ను పెడితే మధ్యలో చిన్న చదరంలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ ఆ రెండు బొమ్మలను ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. అయితే మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న వేరే కిటికీలోంచి. మనం కలిపిన చోటే లెన్సు కూడా కలిపిందా అన్నది ఫిల్ము కడిగేదాకా తెలియదు. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చి ఇచ్చేది నాబోటి రిపేరువాడు. ఫోటో తీసేవాడు మమ్మల్ని నమ్మాలి. వేరే దారి లేదు.

ఒక వానాకాలం అతని లెన్సులో బూజు పట్టింది. యాభై మిల్లీమీటర్ల స్టాండర్డ్ లెన్సు, అతనికున్న ఒకే ఒక్క లెన్సు. తెచ్చి ఇచ్చాడు. విప్పాను, తుడిచాను, బిగించాను, ఇచ్చాను. మర్నాడు బల్ల ఊడుస్తుంటే పసుపు గుడ్డ మడతలో ఈ రింగు కనిపించింది.

చూడగానే తెలిసింది. ఆ రింగు లేకపోతే లెన్సు ఫిల్ముకు వెంట్రుకవాసి దగ్గరవుతుంది. ఫోకస్ మనిషి మీద పడదు, మనిషి వెనక పడుతుంది. పొరపాటే. ఎవరికైనా జరుగుతుంది. ఆ పూటే పుంగనూరు బస్సెక్కి ఉంటే ఇది కథే కాదు. ఎందుకెక్కలేదు? పని ఉంది అనుకున్నాను. వాడే వస్తాడులే అనుకున్నాను. వచ్చాడు.

పదిహేను రోజుల తర్వాత, రెండు పెళ్లిళ్ల ఫోటోలు పట్టుకుని వచ్చాడు. పెళ్లికూతురి ముఖం మంచులో ఉన్నట్టుంది. ఆమె వెనక నిలబడిన మేనత్త చీర అంచు మాత్రం పోగు పోగుగా కనిపిస్తోంది. ఆ సమయానికి నా కొట్లో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. పట్నంలో చదివి సర్టిఫికెట్టు తెచ్చుకుని, మా వీధిలోనే కొత్తగా రిపేరు కొట్టు పెట్టినవాడు. ఏదో స్క్రూ అడగడానికి వచ్చాడు. ఆ స్క్రూ ఇచ్చి పంపేసినా సరిపోయేది.

"అన్నా, లెన్సులో ఏమన్నా తేడా ఉండాదేమో ఒక్కసారి విప్పి సూడు" అన్నాడు చెంగప్ప.

విప్పితే రింగు లేదని సర్టిఫికెట్టాయన కనిపెడతాడు. బడి మానేసినోడి పని ఇంతే అంటాడు. నేను లెన్సు ముట్టుకోలేదు.

"లెన్సు బంగారమప్పా. ఎండలో తీసినవి ఎట్లుండాయి?"

"అవి బాగానే ఉండాయి."

"మరి? లెన్సు చెడితే ఎండలో కూడా చెడాల కదా. మసకలోనే పోతాండాయంటే తప్పు యాడుండాదో నువ్వే సూసుకో."

"యాడుండాదన్నా?"

"కన్ను."

"నాకు ముప్పై ఆరేండ్లే కదన్నా!"

అప్పుడు అన్నాను. ఆ మాట ఎవరూ నాతో అనిపించలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు, అప్పటికే నేను గెలిచాను. అయినా అన్నాను.

"మీ నాయనకు కూడా ఇట్లే కదప్పా మొదలయ్యింది?"

వాళ్ల నాన్న చూపు పోయి, గోడలు తడుముకుంటూ బతికి చనిపోయినవాడు. ఊరంతటికీ తెలుసు. చెంగప్ప ఫోటోలు ఒక్కొక్కటే కవర్లో పెట్టుకున్నాడు. సర్టిఫికెట్టాయన నా వంక చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు. నాకు సంతోషమయింది. అవును, సంతోషమే అయింది. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ కోసింది ఆ అబద్ధం కాదు, ఆ సంతోషం.

ఆ వాదనలో ఉన్న దుర్మార్గం మీకు అర్థం కావాలి. ఎండలో లెన్సు కన్ను చిన్నది చేసి తీస్తారు. అలా తీస్తే ముందూ వెనకా చాలాదూరం స్పష్టంగా వస్తుంది, తేడా దాక్కుంటుంది. మసక వెలుగులో పూర్తిగా తెరిచినప్పుడే బయటపడుతుంది. అంటే లెన్సు తప్పుకు ఏది సాక్ష్యమో దాన్నే అతని కంటి మీద సాక్ష్యంగా నిలబెట్టాను. తెలిసే నిలబెట్టాను.

అతను కంటి డాక్టరు దగ్గరికి పోయాడు. చిన్న నంబరు అద్దాలిచ్చి, భయం లేదు పొమ్మన్నారట. "మా నాయనకు కూడా మొదుట్లో ఇట్లే చెప్పినారు" అని తిరిగాడట. కెమెరాలో కన్ను పెట్టినప్పుడు ఆ రెండు బొమ్మలు నిజంగా కలిశాయో లేదో తనకే నమ్మకం పోయింది. కలిసినా కలవనట్టే. ఏడాది తిరక్కుండానే స్టూడియో మూసేశాడు.

నేనెందుకు చెప్పలేదు? మొదటి వారం చెప్పి ఉంటే పొరపాటు. రెండో నెలలో మోసం. ఏడాది తర్వాత చెబితే దానికి ఏం పేరు పెడతారో నాకు తెలియలేదు. ప్రతిరోజూ రేపటికి ఇంకా కష్టమవుతుందని తెలిసి కూడా రేపటికే వదిలేశాను. నాకు అతని మీద కూడా కోపమే. ఎందుకు నమ్మాడు? ఇంకొకడికి చూపించవచ్చు కదా. వీధి చివర సర్టిఫికెట్టు ఉన్నవాడే ఉన్నాడు కదా! ఇది ఎంత నీచమైన కోపమో తెలిసీ చాలా ఏళ్లు దాన్నే పట్టుకుని బతికాను.

తర్వాత చెంగప్ప మదనపల్లె టమోటా మార్కెట్టులో ఒక మండీలో చేరాడు. కాయ చూసి రకం తేల్చే పని. నేను టీ తాగడానికి ఆ వైపు పోతే కనిపించేవాడు. ఇరవై అడుగుల దూరం నుంచి పెట్టె చూసి, "అడుగున పచ్చికాయ ఉండాది, తియ్యప్పా" అనేవాడు. తీస్తే ఉండేది. ముప్పై ఏళ్లు ఒక్కసారి కూడా తప్పలేదని మండీవాళ్లు అంటారు. నన్ను చూస్తే, "రాన్నా, టీ తాగుదాం" అని పిలిచేవాడు. తాగేవాణ్ణి. ఎలా తాగానో నాకే తెలియదు.

ఇప్పుడు అతను కుప్పంలో కూతురి దగ్గర ఉన్నాడు. ఆమె పేరు సుగుణ, టీచరు. పోయిన వారం ఆ కెమెరా సంచీలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"పెదనాయనా, నాయనకు కంటిలో పొర తీసినారు. అంతా బాగా కనిపిస్తాండాదంట. మళ్లా ఫోటోలు తీస్తానని పెట్టె అడుగు నుంచి కెమెరా తీసినాడు. ఒక రోలు తీస్తే బెంగుళూరుకు పంపించి కడిగించినా. సూడు."

చూశాను. గుమ్మంలో సుగుణ. ముఖం మంచులో ఉంది. వెనక గోడ మీద క్యాలెండరులో తేదీలు సూదితో చెక్కినట్టున్నాయి. కుప్పం రైల్వేస్టేషన్లో పూలమ్మే ఆమె. ముఖం లేదు, వెనక స్తంభం మీద పెచ్చులూడిన రంగు ఉంది. నలభై ఏళ్ల తర్వాత అదే మంచు. నా చేతి పని చెక్కు చెదరకుండా ఉంది. మనిషి మారాడు, కన్ను మారింది, నేను చేసింది మాత్రం అలాగే కూర్చుని ఉంది.

"ఇదే లెన్సు ఉంచుకోవాల్నా, ఇంకో స్టాండర్డ్ లెన్సు పెట్టుకోవాల్నా? నువ్వే తేల్చి చెప్పల్ల" అంది.

నా దగ్గర ఇంకో యాభై లెన్సు ఉంది. చిన్నది, వెలుతురు తక్కువ తీసుకుంటుంది కానీ నికరమైనది. అది బిగిస్తే ఫోటోలు బాగా వస్తాయి. పాతది ముసలిదైపోయిందిలే అనుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఎనభై దాటిన నా బుర్ర ఎంత చురుగ్గా పని చేసిందో చూడండి. "ఇది పెట్టుకొమ్మను తల్లీ, పాతది పక్కన పడెయ్యండి" అని ఆ లెన్సు తీసి ఇచ్చాను. రెండోసారి కూడా అదే పని చేశాను.

ఆమె వెంటనే ఫోను చేసి, స్పీకరు పెట్టి, పెదనాయన ఇంకో లెన్సు పెట్టుకొమ్మంటున్నాడని చెప్పింది. చెంగప్ప గొంతు.

"వద్దుమ్మా. ఆ లెన్సుకేం, అది బంగారం. మా అన్న ఆ పొద్దే చెప్పినాడు, ఆయన మాట తప్పదు. లోపం నాదేలే. పొర తీస్తారు గానీ నరం మారుస్తారా? కెమెరాను ఆడనే ఇచ్చేసి రా, ఎవురికన్నా పనికొస్తాది." కొంచెం ఆగి నవ్వాడు. "నా కండ్లకు సరిపోయే స్క్రూడ్రైవరు ఏమన్నా ఉండాదేమో మీ పెదనాయన్ని అడుగు."

సుగుణ నవ్వింది. నేను బల్ల పట్టుకుని కూర్చున్నాను. నా అబద్ధాన్ని అతను నలభై ఏళ్లు బంగారంలా దాచుకున్నాడు. తనకు తెలియకుండానే, నన్ను కాపాడటానికి నా మాటే అడ్డం పెడుతున్నాడు.

"కెమెరా ఇక్కడే ఉంచమ్మా. రేపు నేనే తీసుకొస్తా" అన్నాను.

మర్నాడు పొద్దున బస్సెక్కాను. పుంగనూరులో అతని స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. చెంగప్ప వరండాలో ఉన్నాడు. కూర్చోమన్నాడు. కూర్చుంటే చెప్పలేనని తెలిసి నిలబడే చెప్పాను. రింగు చేతిలో పెట్టాను. రింగు నేను మరిచిపోయిన సంగతి, మర్నాడే దొరికిన సంగతి, దొరికాక కూడా నీ కన్నే అన్న సంగతి. మీ నాయన మాట తెచ్చిన సంగతి కూడా.

అతను రింగును వేలి కొసన నిలబెట్టి, అద్దాలు లేకుండా చాలాసేపు చూశాడు.

"ఆ పొద్దు ఆడ కూసోనింది సర్టిఫికెట్టాయన కదా?"

"అవును."

"ఆయన ముందర పరువు కోసరమా?"

"అవునప్పా."

అంతే. తిట్టలేదు. తిడితే తీసుకోవడానికి దారంతా సిద్ధపడే వెళ్లాను. "పెట్టి పో" అన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని లెన్సు విప్పి, రింగు పెట్టి, బిగించాను. నేను తిప్పిన ప్రతి స్క్రూనూ కళ్లార్పకుండా చూశాడు. సుగుణ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. తాగమని చెంగప్ప అనలేదు. కెమెరా అందుకుని లోపలికి పోయాడు, మళ్లీ బయటికి రాలేదు.

ఆరు రోజులైంది. ఫోను లేదు. అతను మళ్లీ ఫోటో తీశాడో లేదో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. అతను తీయని పెళ్లిళ్లన్నీ ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి గోడల మీదా లేవు, ఇక రావు.

చెంగప్ప కళ్లు అప్పుడూ బాగున్నాయి. ఈ ఒక్క వాక్యం కోసమే ఇంత రాశాను. పొద్దున అలవాటుగా సొరుగు లాగాను. డబ్బా దొర్లింది, లోపల ఏదీ మోగలేదు.